మా యింటి పంచకల్యాణి

ఆవు, గేదె, చిలుక, తేనెటీగ మొదలగువాని పెంపకమును గూర్చి మన సోదరీమణులు వ్రాసిన వ్యాసములు నేను పెక్కు చదివితిని. గుఱ్ఱమును గూర్చి యొక యాడుది వ్రాసినది మాత్రము నా కంట బడలేదు. కారణము తెలియనిది కాదు. గుఱ్ఱము పురుషుల సొత్తనియు, సైన్యమునకో పందెమునకో పెండ్లి యూరేగింపునకో తప్ప గృహస్థుని పెరటిలో దానికి పని లేదనియు మనవారి తలంపు. బడిపంతులుగారి భార్యకు గుఱ్ఱముల గొడవ యేలయని మీలో కొందఱు నవ్వుదురు. నవ్వినను సరే, చదువుడు. ఆఱు సంవత్సరములనుండి మా పెరటిలో నొక యాడుగుఱ్ఱమున్నది. దాని మేతయు, నీళ్లును, కోపతాపములును నా చేతిమీదుగనే గడచుచున్నవి.

మాది గూడూరు. సముద్రము మాకు తూర్పున ఏడెనిమిది క్రోసుల దూరముననున్నను, ఉక్కయు ఉప్పుగాలియు మా యింటివఱకు వచ్చుచుండును. నేల యిసుకపాలు. పడమట సైదాపురము దిక్కున అభ్రకపు గనులు. పూర్వము రైలుస్టేషను ముంగిట జట్కాబండ్లు బారులు తీరియుండెడివని మామగారు చెప్పుదురు. నేను కాపురమునకు వచ్చునప్పటికి అవి లేవు. కనుక గుఱ్ఱమనగా నాకు పుస్తకములోని వస్తువే.

మా మఱిది చెన్నపట్టణమున నుద్యోగము చేయుచుండెను. పందెములలో పరుగెత్తి, ముందఱికాలి స్నాయువు చెడి, యిక పనికిరాదని యమ్మకమునకు వచ్చిన యీ గుఱ్ఱమును చూచి యతడు జాలిపడి కొని, లారిమీద నూటనలువది కిలోమీటర్లు ప్రయాణము చేయించి మా వాకిట దింపించెను. దింపిన తరువాత ఉత్తరము వ్రాసెను! దాని దేహము చింతపిక్క వన్నె; నాలుగు పాదములును తెలుపు; నుదుటినుండి ముక్కువఱకు తెల్లని పట్టె. ఇట్టిదానిని పంచకల్యాణి యందురనియు, ఇంటికి శుభమనియు మీరెఱుగుదురు. మా యత్తగారు కర్పూరహారతి పళ్లెముతో నెదురువచ్చిరి. ఆ మంట కంటిముందు ఆడగానే గుఱ్ఱము ముందుకాళ్లెత్తి నిలువుగ లేచెను. పళ్లెము పోయి బావిగట్టున పడినది. లారివాడు పట్టుకొనకున్నచో ఎవరికేమి జరిగియుండెడిదో! ఆనాటినుండి శుభమను మాట మా యింట వినబడలేదు.

ఈ జాతి గుఱ్ఱముల స్వభావమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పందెపు గుఱ్ఱములన్నియు ఇంగ్లండునకు సుమారు మున్నూఱేండ్ల క్రిందట తేబడిన మూడు తూర్పుదేశపు మగగుఱ్ఱముల సంతతి. తరతరములుగ వేగమొక్కటే కోరి పెంచుటచే వాని చర్మము పలుచన, నెత్తురు వేడి, నరములు తీగలవంటివి. రెండేండ్ల ప్రాయముననే వానిపై జీను వేసి పరుగు నేర్పుదురు. దినమునందు ఎక్కువ భాగము నాలుగు గోడలనడుమ నిలువబెట్టి, కొంతసేపు మాత్రము బయటికి తెత్తురు, తెచ్చినది పరుగెత్తించుటకే. కనుక బయలు కనబడినచో పరుగెత్తుటయే తప్ప మెల్లగ నడచుట, ఊరక నిలుచుట యనునవి వానికి తెలియవు. బాల్యము లేని పిల్లలవంటివి.

మొదటి రెండు మాసములును దానికి నరకమే. తరిఫీదు చేయుదునని యొకడు కుదిరెను. అతడు వెనుకకాళ్లకు త్రాళ్లు బిగించి, మెడ కదలకుండ ఇరుప్రక్కల కట్టి, ముండ్ల కళ్లెము వేసి, తలయెత్తినపుడెల్ల కొరడా చూపెను. గుఱ్ఱపు దవుడలో ముందుపండ్లకును దంతములకును నడుమ పండ్లు లేని చోటొకటి కలదు. కళ్లెము ఆనునది అక్కడనే. అక్కడ ఎముకపై పలుచని చిగురు తప్ప వేఱు కప్పు లేదు. అది నెత్తురు కారుచుండెను. ఒకనాడు గుఱ్ఱము వాని భుజము కొఱికినది. వాడు జీతము పుచ్చుకొని, “ఇది మనిషిని చంపే జాతి” యని చెప్పి పోయెను.

దానిపై మా దూరపు బంధువొకరు వచ్చి దాని మెడ ప్రక్కనున్న సుడిని చూచి పెదవి విఱిచిరి. ఆ చోట సుడియున్న గుఱ్ఱము ఇంటి యజమానికి కీడట! మా యత్తగారు ఆ రాత్రి అన్నము ముట్టలేదు. “పిల్లలు తిరిగే యిల్లు అమ్మాయీ, దీన్నుంచుకుంటే నాకు కంటికి కునుకు పట్టదు” అనిరి. పెండ్లి యూరేగింపులకు గుఱ్ఱములు నడుపువాడొకడు వచ్చి బేరమాడెను. టపాకాయల మోతలో, బాజాలనడుమ, మంటను చూచిననే నిలువెత్తు లేచు జీవమును నిలుపవలెనన్నచో వారేమి చేయుదురో ఊహించుకొనుడు. మఱిది ఉత్తరములకు జవాబుగా డబ్బు పంపుచుండెను గాని తాను రాలేకుండెను. చివరకు మావారు, “సంక్రాంతివఱకు చూతము. అప్పటికి మనిషిని దగ్గరకు రానీయకపోతే ఇచ్చివేయుదము” అని తల్లికి మాటయిచ్చిరి. అది ఆశ్వయుజమాసము. మూడు నెలల గడువు.

నేనీ పనికి పూనుకొనుట కొక చిన్న కారణమున్నది. మా నాయనగారు నాకు పదేండ్లకే అమరకోశము వల్లెవేయించిరి. అందులో క్షత్రియవర్గమున గుఱ్ఱముల పేరులును, వాని ధౌరితకము మొదలగు అయిదు గతుల పేరులును గలవు. చక్కగ శిక్షితమై చెప్పినట్లు నడచు గుఱ్ఱమునకు వినీతమని పేరు. మంచి శిష్యునికిని అదే మాట. పేరులన్నియు నోటికి వచ్చియు ఎదుట నిలిచిన గుఱ్ఱము మూతి నిమురనేరని చదువు నాకు వెగటైనది.

మా వీధి చివర యౌవనమున జట్కా తోలిన సాయిబుతాత యొకడుండెను. ఎనుబదేండ్లవాడు, చూపు మందము. అతనిని పిలిపించితిమి. అతడు గుఱ్ఱమును చూడనైన చూడక, వేపచెట్టుక్రింద దానికి ప్రక్కగ కూర్చుండి, వక్కలు కత్తిరించుకొనుచు గంటసేపు గడపెను. గుఱ్ఱము మొదట మూలకు నక్కినది. పిమ్మట చెవి యొకటి అతనివైపు తిరిగినది. తరువాత మెడ సాచి అతని తలపాగా వాసన చూచినది. తాత కదలలేదు. లేచి పోవునపుడు మాత్రము, “పొగరు కాదమ్మా, భయం. దీని పక్కన పనీపాటా చేసుకో. దాంతో నీకేం పనిలేనట్టే ఉండు” అనెను.

నేనట్లే చేసితిని. ఉదయము పిల్లలును మావారును బడికి పోయిన తరువాత పీట వేసికొని గుఱ్ఱపుసాల ముంగిట కూర్చుండి బియ్యమేరుకొనుచు, పప్పు బాగుచేసికొనుచు, చేతిలో పని లేనపుడు భారతము పైకి చదువుకొనుచుంటిని. తిక్కనగారు నెల్లూరివారు. వారి పద్యము వినిన మొదటి నెల్లూరి గుఱ్ఱము మాది కాదనుకొందును! విరాటపర్వమున నకులుడు దామగ్రంథియను పేర విరటుని గుఱ్ఱములను కాచుటకు కుదురుకొనెను గదా. అన్నదమ్ములలో అందగాడయిన రాజకుమారుడు అజ్ఞాతవాసమున కెన్నుకొన్న పని గుఱ్ఱపుసాల పని. అశ్వచికిత్సితమని ఆయన పేర సంస్కృతమున వైద్యగ్రంథమును గలదు. మన తెలుగునను మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును పద్యములలో రచించెను. ఇంత విద్య యుండియు, మా బంధువునకు సుడి యొక్కటే జ్ఞాపకమున్నది.

కూర్చుండి చూచుటచే నాకు తెలిసినవి కొన్ని చెప్పెదను. గుఱ్ఱపు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే దానికి చుట్టును కనబడును. కాని ముక్కునకు సూటిగ ఎదురుననున్నదియు, సరిగా తోకవెనుకనున్నదియు కనబడవు. మనము ప్రేమతో సూటిగ నుదుటికి చేయి చాపినచో, చేయి యేమైనదో తెలియక బెదరును. భుజమువైపునుండి పోవలెను. వెలుతురునుండి చీకటిలోనికి పోయినపుడు దాని కన్ను కుదుటబడుటకు మనకంటె ఎక్కువ కాలము పట్టును. సాలలోనికి పోనని మొరాయించుట మొండితనమని మొదటివాడు కొట్టెను. తూర్పుగోడలో కిటికీ తెఱపించితిమి, మొరాయింపు తగ్గినది.

సైదాపురపు బాటలో అభ్రకపు పెంకులు మట్టిలో కలిసియుండును. ఎండ పడినపుడు అవి ఒక్కొక్కటి దీపమువలె మెఱయును. మనకు ముచ్చట, దానికి ప్రతి మెఱుపును ఒక ప్రశ్న. హారతిని చూచి లేచిన జీవము ఈ మెఱుపులను చూచి ఊరకుండునా? చర్మమన్ననో, ఈగ వాలిన చోటు మాత్రము వడవడ కదలించి దానిని లేపును. ఈగ కాలు తెలిసెడి చర్మమునకు కొరడా యేల? పైటచెంగు రెపరెపలాడినను కొన్నాళ్లు బెదరెను. చెంగు నడుమున బిగించి పోవుట అలవాటు చేసికొంటిని. గాజుల చప్పుడు మాత్రము దానికి నచ్చినది. ఇప్పటికిని నేను పెరటి తలుపు తీయకముందే గాజులు విని సకిలించును.

ఇక్కడ నొక జర్మను గుఱ్ఱపు కథ చెప్పక తప్పదు. మావారు దీనిని నాకు చదివి వినిపించినపుడు నేను పని మాని విన్నాను. బెర్లిను నగరమున వాన్ ఆస్టెన్ అను నొక పాతకాలపు లెక్కల పంతులు హాన్సను గుఱ్ఱమునకు లెక్కలు నేర్పెను. మూడును నాలుగును ఎంతయని యడిగిన గిట్టతో ఏడుమాఱులు నేల తట్టెడిది. 1904లో పండితుల సంఘమొకటి పరీక్షించి అందు మోసమేమియు లేదని తేల్చెను. పిమ్మట పుంగ్‌స్ట్ అను నతడు శ్రద్ధగ పరిశోధించి 1907లో ప్రకటించిన దేమనగా: అడుగువానికి జవాబు తెలియనిచో గుఱ్ఱమునకును తెలియదు, అడుగువాడు కనబడనిచో చెప్పజాలదు. అడిగినవాడు ప్రశ్న ముగించి తల కొంచెము వంచును; గుఱ్ఱము తట్టుట కారంభించును. సరియైన సంఖ్య రాగానే తన కెఱుకలేకయే తల యొక వెండ్రుకవాసి ఎత్తును, గుఱ్ఱము ఆపును. పాపమా పంతులు తనకు తెలియకయే తన గుఱ్ఱమునకు జవాబు చెప్పుచుండెను. లోకమంతయు హాన్సునకు లెక్కలు రావని నవ్వినది. నాకు నవ్వు రాలేదు. పదిమంది పండితుల కన్నులకు కనబడని తల కదలికను ఆ మూగజీవి చదివినది. అది లెక్కలకంటె గొప్ప విద్య కాదా? మన మనసులో భయమున్నచో భుజము బిగియును, ఊపిరి పైపైన ఆడును. గుఱ్ఱము ఆ రెండింటిని చదివి, భయపడదగిన దేదో యున్నదని తానును బిగిసికొనును.

కనుక పాఠము మొదట నాకు, తరువాత దానికి. ఊపిరి నెమ్మదిగ విడిచి భుజముమీద అరచేయి ఆనించుదును. అది బిగిసినచో చేయి నొక్కను, తీయను, ఆట్లే యుంతును. మెడ వంచి పెదవి సడలించినదో, వెంటనే చేయి తీసివేసి వెనుకకు తిరిగిపోదును. చేయి వేయుట కాదు, చేయి తీయుటయే దానికి పాఠము. త్రాడు లాగినను ఇంతే. ఒక యడుగు ముందుకు రాగానే ఆ క్షణముననే సడలింపవలెను. రెండు మూడు క్షణములు ఆలస్యమైన దేనికి సడలించితిమో దానికి తెలియదు. వచ్చిన తరువాతను లాగుచునే యున్నచో, వచ్చినందువలన లాభము లేదని నేర్చుకొనును. మావారు ఇది విని చాలసేపు ఊరకుండి, “మా చిన్ననాటి బడిలో తప్పు చేసినప్పుడు బెత్తముండెడిది. సరిగా చేసినప్పు డేమియు ఉండెడిది కాదు. సరిగా చేసితిమని మాకెట్లు తెలియును?” అనిరి. జెనొఫోనను గ్రీకు గ్రంథకర్త రెండువేల మూడువందల యేండ్లకు పూర్వమే, కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని వ్రాసెనట.

కార్తికమాసపు చివరకు అది నా వెంట త్రాడు లేకయే బావివఱకు వచ్చుచుండెను. నోటిలోని పుండు మానువఱకు కళ్లెమను మాటయే తలపెట్టలేదు. పుష్యమాసము వచ్చునప్పటికి వీపుపై గోనెపట్టా వేయించుకొనెను. మా యత్తగారు వంటింటి కిటికీనుండి అన్నియు చూచుచునే యుండిరి; దగ్గరకు మాత్రము రాలేదు. ఆ సుడి వారి మనసులో నాటుకొనియున్నది.

ఒక సాయంకాలము వారికి నలోపాఖ్యానము చదివితిని. ఋతుపర్ణుడు ఒక్క దినములో విదర్భకు చేరవలెను. బాహుకుడై యున్న నలుడు సాలలోనికి పోయి బలిసిన గుఱ్ఱములను విడిచి బక్కచిక్కిన వానిని ఏఱెను. రాజు, ఇవి బండి లాగగలవా, నన్ను పరిహసించుచున్నావా యని కోపించెను. నలుడు వానిలో చూచిన మేలి గుఱుతులలో సుడులును గలవు. సింధుదేశపు పుట్టుకయు, పది సుడులును గలిగిన గుఱ్ఱములవి. “సుడులుంటేనా మంచివి?” అని మా యత్తగారు అడిగిరి. భారతమున నట్లేయున్నదంటిని. సుడియనగా వెండ్రుకలు మొలచు తీరు. కడుపులో నున్నపుడే ఏర్పడునది. మన పిల్లల నడినెత్తినను ఉండునది. ఈ రెండవ మాట వారు విన్నారో లేదో తెలియదు. మొదటి మాట విన్నారు. సంక్రాంతినాడు పెండ్లి గుఱ్ఱములవాడు వచ్చినపుడు, “ఇంకా చూస్తున్నాంలే” యని వారే చెప్పి పంపిరి. గడువు తీరినది గాని తీర్పు కాలేదు.

తీర్పైనది ఫాల్గునమాసమున నొక రాత్రి. అది చెప్పుటకు ముందు మేతను గూర్చి చెప్పవలెను. ఏలయనగా మన దక్షిణదేశమున గుఱ్ఱములు చచ్చినది యుద్ధముకంటె మేతవలననే యెక్కువయని నాకు తోచును. పదుమూడవ శతాబ్ది చివర మన తీరమునకు వచ్చిన మార్కోపోలో, పాండ్యదేశపు రాజులు ఒక్కొక్కరు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములను సముద్రముమీద తెప్పించుకొనిరనియు, ఏడాది తిరుగునప్పటికి నూఱు కూడ మిగులవనియు వ్రాసెను. వండిన యన్నమును మాంసమును పెట్టుదురట! గుఱ్ఱపు వైద్యము తెలిసినవారిని వర్తకులు ఈ దేశమునకు రానీయరట. చచ్చినకొలది తమ సరుకు అమ్ముడుపోవును గదా. విజయనగరమున సాళువ నరసింహరాయలు దారిలో సముద్రముపై చచ్చిన గుఱ్ఱమునకును, తోక తెచ్చి చూపినచో వెల యిచ్చెడివాడని నూనిజను పోర్చుగీసువాడు వ్రాసినాడు. తోకలకు వెలయిచ్చిన రాజులు గడ్డికి ఎంత యిచ్చిరో యెవరును వ్రాయలేదు.

ఆవునకు నాలుగు గదుల కడుపు. గబగబ మేసి తరువాత తీరికగా నెమరువేసికొనును. గుఱ్ఱమునకు నెమరు లేదు. ఆ పెద్ద దేహమునకు జీర్ణకోశము మాత్రము చిన్నది. పది పండ్రెండు లీటర్లు పట్టును. తిన్నది వాంతి చేసికొనుట దానికి సృష్టిలోనే లేదు. కావున కొంచెముకొంచెముగ దినమంతయు తినుచుండవలెను. మా గుఱ్ఱము నాలుగువందలయేబది కిలోలు తూగును. దానికి దినమునకు ఎండుమేత ఎనిమిది తొమ్మిది కిలోలు కావలెను. గరికయు, జొన్నచొప్పయు నఱికి పెట్టుదుము. వరిగడ్డిలో సారము తక్కువ. ఉలవలు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు రెండు మూడు పూటలకు పంచి కొలతగా పెట్టవలెను గాని, ప్రేమకొలది పెట్టరాదు. ఉప్పు, నీళ్లు ఎల్లప్పుడును అందుబాటుననుండవలెను. వేసవిని నలువది లీటర్లు త్రాగును. ఇవన్నియు మట్టినేలపై పోయరాదు. మా యిసుకనేలపై పోసినచో మేతతో ఇసుకయు లోనికి పోయి ప్రేగుల మలుపులలో పేరుకొనును.

ఫాల్గునమున మేమందఱము ఒక పెండ్లికి పోయి మూడుదినము లుంటిమి. తొట్టిలోనే వేయుమని చెప్పిపోయినను, మేత వేయుటకు కుదిర్చిన కుఱ్ఱవాడు తొట్టి కడుగు శ్రమ తప్పించుకొని నేలపైననే పోసెను. తిరిగివచ్చిన రాత్రి తొమ్మిదిగంటలకు గుఱ్ఱము మాటిమాటికి తన డొక్కవైపు తిరిగి చూచుచుండెను. ముందుకాలితో నేల గీరినది. పైపెదవి పైకి ముడిచినది. పడుకొని పొర్లబోయినది. ఇది శూల. డొక్కకు చెవి యానించితిని. ఆరోగ్యముగ నున్నపుడు అక్కడ కుండలో నీళ్లు కదలినట్టు చప్పుడు వినబడుచునే యుండును. ఆ రాత్రి నిశ్శబ్దము. నిమిషమునకు ముప్పదియాఱు నలువది కొట్టుకొనవలసిన నాడి దవుడక్రింద డెబ్బది దాటినది. చిగుళ్ల ఎఱుపు మారినది.

మావారు పశువైద్యునికొఱకు పోయిరి. మేత తీసివేసి, గుఱ్ఱమును పట్టుకొని నేను మెల్లగ నడిపించుచుంటిని. పొర్లనిచ్చినచో తాను దెబ్బలు తగిలించుకొనును. అలసిపోవునట్లు నడిపించుటయు తప్పే. మెల్లగ నడిపించుచు, నిలువగలిగినపుడు నిలువనిచ్చుచుంటిని. పదిగంటలైనది, పదకొండైనది. మా యత్తగారు లాంతరు తీసికొని పెరటిలోనికి వచ్చిరి. మంటకు బెదరునను తలంపుతో దూరమున నుంచి, తాము దగ్గరకు వచ్చి రెండవప్రక్క త్రాడు పట్టుకొనిరి. ఆఱునెలలలో అది మొదటిసారి. గుఱ్ఱము వారి భుజముపై గడ్డ మానించి నిలిచెను. “ఏమిటే తల్లీ, ఇంత బరువుందే నీ తల” అనిరి. వారి కంఠమున అట్టి స్వరము నా కానుపులనాడు విన్నాను; మరల ఆనాడే విన్నాను.

పండ్రెండున్నరకు వైద్యుడు వచ్చి నొప్పికి సూదిమందిచ్చి, ముక్కుగుండ సన్నని గొట్టము జీర్ణకోశమువఱకు పోనిచ్చి దానిలో తైలమును నీళ్లును పోసెను. ఆ గొట్టము పోవుచున్నంతసేపును గుఱ్ఱము వణకినది గాని కాలెత్తలేదు. దగ్గర నిలిచిన మనిషిని నమ్మనిచో ఆ చికిత్సయే సాగదనియు, ఇట్టి జాతి గుఱ్ఱమునకు సాధారణముగ ముందు మత్తు ఇయ్యవలసివచ్చుననియు ఆయన చెప్పెను. తెల్లవాఱుజామున నాలుగుగంటలకు లద్ది వేసినది. సోదరీమణులారా, లద్దిని చూచి ఇద్దఱు స్త్రీలు కన్నీళ్లు పెట్టుకొనిరని చెప్పిన మీరు నమ్ముదురో లేదో. మఱునాడు వైద్యుడు చెప్పినట్లు ఆ లద్దిని గాజుపాత్రలో నీళ్లు పోసి కలిపి నిలువనిచ్చితిని. అడుగున రెండు వ్రేళ్లమందము ఇసుక దిగినది. ఇప్పటికిని నెలకొకమాఱు ఆ పరీక్ష చేయుచున్నాను. ఖర్చు లేనిది, ఎవరైనను చేయదగినది.

ఆ తరువాత అమ్మకపు మాట మా యింట నెవరును ఎత్తలేదు. మా యత్తగారు ప్రతిదినమును సాయంకాలము బెల్లపుముక్క పట్టుకొని పోవుదురు. నేను చూడనట్లుందును, ఏలయనగా బెల్లము చిన్నముక్క మాత్రమేయని నేను చెప్పియుంటిని.

తక్కిన జాగ్రత్తలు త్వరగ చెప్పెదను. మా తీరపు ఉక్కలో ఈ జాతి గుఱ్ఱములలో కొన్నింటికి చెమటపట్టుట యాగిపోవును. చర్మము పొడిగనుండి, నిలుచున్నచోటనే రొప్పును. అట్టిదానిని పని మాన్పించి, నీడను ఉంచి, ఒంటిపై నీళ్లు పోసి వైద్యుని పిలువవలెను. మాదానికి అట్లు కాలేదు గాని, చైత్రము మొదలు శ్రావణమువఱకు ప్రొద్దుపొడిచిన తరువాత దానిని పనికి తీయము. జోరీగలు కుట్టుటచే సుర్రా యను జ్వరము వచ్చును. సందెవేళ వేపాకు పొగ వేయుదుము. ధనుర్వాతము గుఱ్ఱమునకు మనకంటె సులభముగ సోకును, ఏటేట టీకా తప్పరాదు. వానకాలమున గిట్టల అడుగుభాగము నిత్యము గీకి ఆరబెట్టకున్న క్రుళ్లును. ఆఱేడు వారముల కొకమాఱు గిట్టలు చెక్కించవలెను. దానికి పనివాడు మా యూర దొరకడు, దూరమునుండి రావలెను. ఖర్చు తక్కువ కాదు. మఱిది పంపు డబ్బు లేకున్న ఒక యుపాధ్యాయుని జీతముపై గుఱ్ఱము నిలువదు. ఎవరైన నన్ను చూచి గుఱ్ఱమును కొనదలచినచో ఈ వాక్యము రెండవమాఱు చదువుకొనుడు.

కాలు కుదిరిన తరువాత దానిపై మొదట నెక్కినవాడు మఱిది. ముండ్ల కళ్లెము మరల సాలలోనికి రాలేదు. నునుపైన కళ్లెము, వదులైన వాగెలు. పరుగు పెట్టము, ఆ కాలు మరల చెడును. పంబలేరు ఒడ్డువఱకు నడక, తిరుగు నడక. నేనెక్కితినా యని మీరడుగకపోరు. పాలవాడు రాకమునుపు, పెరటిలో, మూడుచుట్లు. ఏ వస్త్రము కట్టి యెక్కితినని మాత్రము అడుగకుడు. మా పెద్దపిల్లకు తొమ్మిదవయేడు. అది మాకన్న బాగుగ కూర్చుండును. వీపుపై నది యేవైపు చూచిన గుఱ్ఱము ఆవైపు నడచును, వాగె కదలనక్కఱలేదు. హాన్సు జ్ఞాతియే యిది.

సాయిబుతాత రెండేండ్ల క్రిందట పోయెను. కడపటిమాఱు వచ్చినపుడు చూపు పూర్తిగ పోయినది. గుఱ్ఱపు నడక చప్పుడు విని, కుడిముందఱి గిట్ట లోపలివైపు ఎక్కువ అరిగినదని చెప్పెను. చూడగా నిజమే. ఇప్పుడు నేనును పిల్లయు గచ్చుమీద దానిని నడిపించి, కన్నులు మూసికొని వినుట యభ్యసించుచున్నాము. పిల్లకు అప్పుడప్పుడు తెలియుచున్నది, నాకింకను తెలియలేదు. ఈయేడు వానలు ముందుగనే పట్టినవి. సాలలో తడి యూరుచున్నదని మామగారు నేల జానెడెత్తు లేపించుటకు ఇటుకలు తెప్పించుచున్నారు.